క్సాంథోస్: సమాధులు ఊరి మధ్యలో, శిల్పాలు లండన్‌లో

టర్కీ నైరుతి మూలన, ఎషెన్ నది పక్కన, టమాటా గ్రీన్‌హౌస్‌ల మధ్య కినిక్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నుంచి కొండ మీదికి పోయే రోడ్డెక్కితే కాసేపటికే పాత నగర ద్వారం వస్తుంది. ఆ ద్వారం దగ్గరే, కొండ అంచున, ఒక పెద్ద రాతి దిమ్మె కనిపిస్తుంది. బండలు పేర్చి కట్టిన పునాది, అంతే. శిల్పం లేదు, స్తంభం లేదు. చాలామంది అటు ఒకసారి చూసి ముందుకు సాగిపోతారు. క్సాంథోస్ నగరంలో ప్రపంచానికి బాగా తెలిసిన కట్టడం నిలబడిన చోటు మాత్రం అదే. నెరీయిడ్ స్మారకం అని పిలిచే ఆ సమాధి ముఖభాగం ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియం 17వ గదిలో ఉంది.

క్సాంథోస్‌ను చూడ్డంలో ఉన్న చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పురాతన లిసియాలో ఇది అతి పెద్ద నగరాల్లో ఒకటి. యునెస్కో 1988లో దీన్ని, దీని పక్కనున్న లెతూన్ క్షేత్రాన్ని కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఈ నగరానికి చెందినవన్నీ ఒక్కచోట దొరకవు. మంచి శిల్పాలు వేరే దేశంలో ఉన్నాయి. గుళ్లు నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్నాయి. ఆ గుళ్ల దగ్గర దొరికిన అతి ముఖ్యమైన శాసనం ఫెతియే మ్యూజియానికి చేరింది. నగర రాజకీయం నడిచిన సభామందిరం సముద్రపు ఒడ్డున ఇంకో ఊళ్లో ఉంది. కొండ మీద మిగిలిన రాళ్లు మాత్రమే చూసి వస్తే సగం కథ కూడా చేతికందదు. ఏది ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఎందుకు లేదో తెలుసుకుని వెళ్లినవారికి ఇదే కొండ పూర్తిగా వేరే చోటులా కనిపిస్తుంది.

ఎవరీ లిసియన్లు

మ్యాపులో ఫెతియే, అంటాల్యా పట్టణాల మధ్య సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుండే కొండల ప్రాంతమే లిసియా. తెలుగు బైబిలు చదివేవారికి ఇది లుకియ అనే పేరుతో పరిచయమే. పౌలు ఓడలు మారిన పతర, మూర రేవులు ఈ తీరంలోవే. టారస్ పర్వతాలు ఇక్కడ దాదాపు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. సాగుకు పనికొచ్చే నేల తక్కువ. ఉన్నంతలో పెద్ద మైదానం ఎషెన్ నది లోయ. క్సాంథోస్, పతర, త్లోస్, పినారా అనే నాలుగు పెద్ద నగరాలు ఈ లోయలోనో దాని అంచునో వెలిశాయంటే అదే కారణం. ఒక నగరం నుంచి ఇంకో నగరానికి పోవాలంటే కొండలు దాటాలి. అందుకే ఎవరి ఊరు వారిదే అన్న పట్టుదల ఒకవైపు, బయటివాడు వస్తే అందరూ ఏకమయ్యే అలవాటు మరోవైపు, రెండూ కలిసి పెరిగాయి.

వీళ్లు గ్రీకులు కారు. క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో ఇప్పటి టర్కీ నడిమి భాగాన్ని ఏలిన హిట్టైట్ల రాతల్లో కనిపించే లుక్కా జనమే తర్వాతి లిసియన్లని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. తమను తాము త్ర్మ్మిలి అని చెప్పుకున్నారు, క్సాంథోస్‌ను అర్న్న అని పిలుచుకున్నారు. వీళ్ల భాష ఇండో-యూరోపియన్ కుటుంబంలోని అనటోలియన్ శాఖకు చెందింది. లిపి గ్రీకు లిపికి దగ్గర, మాట మాత్రం గ్రీకుకు దూరం. ట్రోజన్ యుద్ధ గాథలో ట్రాయ్ పక్షాన పోరాడి చనిపోయిన సర్పెడాన్ లిసియా రాజే. నిద్ర, మృత్యువు అనే ఇద్దరు కవల దేవతలు అతని శవాన్ని మోసుకుని సొంత నేలకు చేర్చారని ఆ గాథ చెబుతుంది. చచ్చినా సొంత ఊళ్లోనే ఉండాలన్న ఈ పట్టింపు క్సాంథోస్ రాళ్ల మీద కూడా కనిపిస్తుంది.

థియేటర్ పక్కన సమాధులు

కొండెక్కే రోడ్డు మీద మొదట ఎదురయ్యే ద్వారంపై ఒక గ్రీకు శాసనం ఉంది. క్రీ.పూ. 197లో అలెగ్జాండర్ తర్వాత సిరియా ప్రాంతాన్ని ఏలిన సెల్యూకిడ్ వంశపు రాజు మూడో ఆంటియోకస్ ఈ నగరాన్ని లెటో, అపోలో, ఆర్టెమిస్ దేవతలకు అంకితం చేశాడన్నది దాని సారాంశం. జయించానని చెప్పుకోకుండా అంకితం ఇచ్చానని రాయించడం చూస్తే, నగరానికీ రాజుకూ మధ్య ఏదో బేరం కుదిరిందేమో అనిపిస్తుంది. దానికి ఆనుకుని రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ పేరిట వెలసిన కమాను. పాలకులు మారినప్పుడల్లా వీధి మొదట్లోనే ఒక రాయి తేలింది.

అసలు ఆశ్చర్యం పైన, రోమన్ థియేటర్ దగ్గర ఉంది. క్రీ.శ. రెండో శతాబ్దపు ఈ థియేటర్ మెట్ల పక్కనే రెండు ఎత్తయిన సమాధులు నిలబడి ఉన్నాయి. ఇటు నాటకం, అటు శవపేటిక. గ్రీకు నగరాల్లో, రోమన్ నగరాల్లో చనిపోయినవారిని ఊరి గోడ బయట, దారి పక్కన పూడ్చడం ఆనవాయితీ. లిసియన్ పాలకులు మాత్రం నగరం నడిబొడ్డునే సమాధి కట్టించుకున్నారు. అంగడి, సభ, థియేటర్, అన్నీ ఆ సమాధుల చుట్టూనే పెరిగాయి. థియేటర్ కట్టేనాటికి పక్కనున్న సమాధి వయసు ఆరు వందల ఏళ్లు. అడ్డం వచ్చిందని దాన్ని ఎవరూ తీసేయలేదు.

ఆ రెండింటిలో ప్రసిద్ధమైనది హార్పీ సమాధి. క్రీ.పూ. 480–470 ప్రాంతంలో కట్టారు. ఒకే బండను చెక్కిన స్తంభం, దాని తల మీద చిన్న గది, గది చుట్టూ చలువరాతి పలకలు, పైన వెడల్పాటి రాతి కప్పు. అన్నీ కలిపి దాదాపు 9 మీటర్ల ఎత్తు. పలకల మీద కుర్చీల్లో కూర్చున్న పెద్దలు, వాళ్లకు కానుకలు తెచ్చిన మనుషులు ఉంటారు. ఒకరు కోడిపుంజు ఇస్తున్నారు, ఒకరు శిరస్త్రాణం అందిస్తున్నారు. పడమటి వైపు గదిలోకి పోయే చిన్న కంత ఉంది. దాని మీద దూడకు పాలిస్తున్న ఆవు బొమ్మ. మూలల్లో సగం పక్షి, సగం స్త్రీ అయిన రెక్కల ఆకారాలు చంటిపిల్లలంతటి చిన్న మనుషుల్ని గుండెలకు హత్తుకుని ఎగిరిపోతుంటాయి. పాతకాలపు పండితులు వీటిని హార్పీలు, అంటే గ్రీకు గాథల్లో మనుషుల్ని ఎత్తుకుపోయే రెక్కల స్త్రీలు, అనుకున్నారు కాబట్టి సమాధికి ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు చాలామంది వీటిని సైరెన్లు అంటారు, అవే గాథల్లో పాటతో మనుషుల్ని లాగే పక్షి స్త్రీలు. రెక్కల దేవతలు ఆత్మను తీసుకుపోవడానికి వీలుగానే లిసియన్లు సమాధుల్ని ఎత్తున కట్టారని గైడ్లు చెప్పే కథ వినడానికి బాగుంటుంది. అలా అని రాసిన లిసియన్ శాసనం మాత్రం ఏదీ లేదు.

ఇప్పుడు స్తంభం మీద కనిపించే పలకలు నకళ్లు. అసలువి లండన్‌లో కంటి ఎత్తున గోడకు ఉన్నాయి. అక్కడ ఆవు మెడ మడత దాకా చూడొచ్చు. కొండ మీద అలా కుదరదు. మెడ ఎత్తి చూస్తే ఐదారు మీటర్ల పైన ఏవో ఆకారాలున్నాయని తెలుస్తుందంతే. నాటి క్సాంథోస్ పౌరుడికి కనిపించిందీ అంతే. అంటే ఆ సన్నని పనితనం దారిన పోయేవాళ్లు తీరిగ్గా చూడ్డం కోసం చేసింది కాకపోవచ్చు. చచ్చిపోయిన పాలకుడు తమకంటే ఎంత ఎత్తున ఉన్నాడో వాళ్లకు తెలిస్తే చాలు. ఈ సంగతి లండన్ గదిలో నిలబడితే తట్టదు. శిల్పం అర్థమయ్యే చోటు ఒకటి, దాని పెత్తనం అర్థమయ్యే చోటు ఇంకొకటి.

కొంచెం అవతల, అంగడి మూలన, ఇంకో స్తంభం ఉంది. దీన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. క్రీ.పూ. ఐదో శతాబ్దం చివరి నాటి ఈ స్తంభానికి నాలుగు వైపులా రాతే, 250కి పైగా పంక్తులు. ఎక్కువ భాగం లిసియన్ భాష. కొంత భాగం మిల్యన్ అనే మరో రూపం, ఇది దొరికిన శాసనాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మధ్యలో పన్నెండు పంక్తుల గ్రీకు పద్యం. ఇక్కడి వీరుడు ఒక్కరోజులో ఏడుగురు ఆర్కేడియా సైనికుల్ని చంపాడని ఆ పద్యంలో గొప్పలు చెప్పుకున్నారు. గ్రీకు సైనికుల్ని చంపిన గొప్ప గ్రీకు పద్యంలోనే చెప్పుకోవడం గమనించాల్సిన విషయం. లిసియన్ భాగాన్ని పండితులు చదవగలరు, కానీ చాలా పదాల అర్థం ఇంకా తేలలేదు. స్తంభం దగ్గర నిలబడితే అక్షరాలు మామూలు కంటికి స్పష్టంగానే కనిపిస్తాయి, చేతి గోరంత లోతున చెక్కినవి.

ఇంకో సంగతి ఇక్కడి సమాధుల ఆకారం. లిసియన్ శవపేటికల మూతలు తలకిందులు చేసిన పడవలా ఉంటాయి. రాతి సమాధుల ముఖాల మీద దూలాల కొసలు పొడుచుకొచ్చి ఉంటాయి. అవన్నీ చెక్క ఇంటికి రాతి నకళ్లు. బరువు మొయ్యని దూలం, తెరుచుకోని తలుపు, మేకు లేని అతుకు, అన్నీ శ్రద్ధగా రాతిలో చెక్కారు. చెక్క ఇళ్లు ఎప్పుడో మట్టిలో కలిశాయి, వాటి రూపం సమాధుల్లో మిగిలింది. లిసియన్లు ఎలాంటి ఇళ్లలో బతికారో తెలుసుకోవాలంటే వాళ్లు చచ్చాక పడుకున్న చోటునే చూడాలి. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుండ్రటి చైత్యగుహ లోపల పైకప్పుకు చెక్క వాసాలను పోలిన రాతి వాసాలు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. లిసియన్ సమాధుల కమాను ఆకారానికీ బౌద్ధ చైత్యాల కమానుకూ పోలిక ఉందని కళాచరిత్రకారులు ఏనాడో గుర్తించారు. అంతమాత్రాన ఒకరి నుంచి ఇంకొకరు నేర్చుకున్నారని తేల్చేయడం తొందరపాటే. చెక్కతో కట్టే అలవాటున్న జనం రాయికి మారినప్పుడు చేతికి తెలిసిన ఆకారాన్నే చెక్కుతారు.

రెండుసార్లు చచ్చిన నగరం

క్సాంథోస్ గురించి ఏ టూరిస్టు బోర్డు చదివినా తప్పకుండా కనిపించే కథ ఒకటుంది. క్రీ.పూ. 540 ప్రాంతంలో పర్షియా రాజు సైరస్ సేనాని హార్పగస్ ఈ లోయ మీదికి వచ్చాడు. క్సాంథోస్ వాళ్లు మైదానంలో కొద్దిమందితోనే ఎదురు నిలిచి ఓడిపోయారు. కొండ మీదికి తిరిగొచ్చి భార్యాపిల్లల్ని, బానిసల్ని, సొమ్మును కోటలో పెట్టి నిప్పంటించారు. తర్వాత ప్రమాణం చేసి బయటికొచ్చి ఆఖరి మనిషి దాకా పోరాడి చచ్చారు. ఇది గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ. ఆ సమయానికి ఊళ్లో లేని 80 కుటుంబాలు మాత్రమే మిగిలాయని, తన కాలంలో క్సాంథోస్ వాళ్లమని చెప్పుకునేవారిలో ఎక్కువమంది బయటి నుంచి వచ్చినవాళ్లేనని కూడా అతను రాశాడు.

దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 42లో, ఇదే మళ్లీ జరిగింది. జూలియస్ సీజర్ హంతకుల్లో ఒకడైన బ్రూటస్ యుద్ధానికి డబ్బు, సైన్యం కావాలని లిసియా మీద పడ్డాడు. క్సాంథోస్ లొంగలేదు. ముట్టడిలో గోడ పడిపోగానే జనం ఇళ్లు తగలబెట్టుకుని, ఒకరినొకరు చంపుకున్నారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. బతికించి తెచ్చిన ప్రతి లిసియనుకూ బహుమానం ఇస్తానని బ్రూటస్ ప్రకటించినా 150 మంది మాత్రమే దొరికారని అతని లెక్క.

ఈ రెండు కథల్నీ ఉన్నదున్నట్టు నమ్మాలా? కొంచెం ఆగి చూడాలి. రెండూ బయటివాళ్లు రాసినవే. లిసియన్లు తమ గురించి తాము చెప్పుకున్న మాట ఏదీ ఇందులో లేదు. హార్పగస్ దాడి నిజంగా ఊరంతటినీ తుడిచిపెట్టి ఉంటే, ఆ తర్వాత రెండు మూడు తరాల్లోనే అదే కొండ మీద, అదే భాషతో, అదే సమాధి సంప్రదాయంతో పాలకులు నాణేలు ముద్రించడం, హార్పీ సమాధి లాంటివి కట్టించడం ఎలా కుదిరింది? జనం మొత్తం మారిపోతే భాష, ఆచారం అంత చెక్కుచెదరకుండా మిగలవు. లోయ పల్లెల్లో, వేసవికి కొండలెక్కిన మందల దగ్గర చాలామంది బతికే ఉండాలి. ఆ 80 కుటుంబాలు కూడా అలా పశువులతో కొండల్లో ఉండి ఉంటాయని కొందరి ఊహ. రెండో కథకు మొదటి కథ అచ్చులా పనిచేసి ఉండొచ్చు. మా పూర్వీకులు అలా చచ్చారన్న గాథ వింటూ పెరిగినవాళ్లు ఆపదలో అలాగే చేయడం అసాధ్యమేమీ కాదు. గాథ తెలిసిన రచయిత రెండో ఘట్టాన్ని ఆ రంగులోనే చూపించడమూ అసాధ్యం కాదు. క్సాంథోస్ పేరు చెప్పగానే సామూహిక ఆత్మాహుతి ఒక్కటే గుర్తు చేయడం వల్ల జరిగే నష్టం ఏమిటంటే, ఆ రెండు ఘట్టాల మధ్య ఐదు వందల ఏళ్లు బేరాలాడుతూ, పన్నులు కడుతూ, పాలకుల్ని మారుస్తూ బతికిన ఊరు కనుమరుగవుతుంది.

1840లలో ఏం జరిగింది

చార్లెస్ ఫెలోస్ అనే ఆంగ్ల యాత్రికుడు 1838లో ఈ కొండకు వచ్చాడు. యూరప్ పండితులకు అప్పటికి లిసియా లోపలి భాగాలు పెద్దగా తెలియవు. అతని వర్ణనలు, బొమ్మలు చూసి బ్రిటిష్ మ్యూజియం ఆసక్తి చూపింది. ఒట్టోమన్ ప్రభుత్వం నుంచి అనుమతి పత్రం వచ్చింది. 1842 నుంచి 1844 వరకు బ్రిటిష్ నౌకాదళం మనుషులు ఇక్కడ మకాం వేసి రాళ్లు పెట్టెల్లో కట్టి నది మీదుగా ఓడలకు చేర్చారు. ఫెలోస్‌కు 1845లో నైట్ బిరుదు దక్కింది.

ఇక్కడ ఒక తేడా చూడాలి. నెరీయిడ్ స్మారకం అప్పటికే కూలిపోయి ఉంది, ఫెలోస్ దాని ముక్కల్ని నేల మీద ఏరుకున్నాడు. హార్పీ సమాధి అలా కాదు. అది నిలబడే ఉంది. దాని పలకల్ని ఊడదీశారు. పాయవా అనే ప్రముఖుడి సమాధి పైభాగాన్నీ అంతే, విప్పి తీసుకుపోయారు. పీఠం మాత్రం కొండ మీద వదిలేశారు. శిథిలాల్ని కాపాడాం అన్న మాట మొదటిదానికి కొంతవరకైనా వర్తిస్తుంది. మిగతా రెండింటికీ ఆ మాట సరిపోదు. అనుమతి పత్రం ఉంది కదా అనే వాదన కూడా, ఇచ్చింది ఎక్కడో ఇస్తాంబుల్‌లోని సుల్తాను, రాళ్లున్నది ఈ లోయలో అని గుర్తుచేసుకుంటే కొంచెం పలచబడుతుంది. పురావస్తువులు దేశం దాటకుండా ఒట్టోమన్లు గట్టి చట్టం తెచ్చింది 1884లో. అప్పటికి లిసియాలోనే త్రిసా అనే ఇంకో చోటి శిల్పాలు వియన్నాకు చేరిపోయాయి.

తెలుగువారికి ఈ కథ కొత్తేం కాదు. ఫెలోస్ మనుషులు క్సాంథోస్ ఖాళీ చేసిన మరుసటి ఏడాదే, 1845లో, వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి అమరావతి స్తూపం దగ్గర తవ్వి పలకల్ని మద్రాసుకు పంపాడు. వాటిలో పెద్ద భాగం 1859లో లండన్ ఓడెక్కింది. చివరికి రెండు చోట్ల రాళ్లూ ఒకే భవనంలోకి చేరాయి. క్సాంథోస్‌వి 15, 17, 20 గదుల్లో, అమరావతివి 33ఎ గదిలో. రెండింటికీ జరిగిన నష్టం కూడా ఒకే రకం. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేస్తూ వరుసగా చూడాల్సిన పలకలు గోడకు బిగించిన వరుసలయ్యాయి. కొండ అంచున, కింది లోయలో పోయే ప్రతివాడికీ కనిపించేలా నిలబెట్టిన నెరీయిడ్ స్మారకం, మ్యూజియం గది లోపలి ముఖద్వారంగా మారింది.

ఆ ముఖద్వారం దగ్గర కాసేపు ఆగాలి. క్రీ.పూ. 390–380 ప్రాంతంలో అర్బినాస్ అనే పాలకుడి కోసం కట్టిన సమాధి ఇది. ఎత్తయిన అరుగు మీద చిన్న గ్రీకు గుడి ఆకారం. స్తంభాల మధ్య నెరీయిడ్లు అనే సముద్ర కన్యలు, ఎదురుగాలికి బట్టలు ఒంటికి అంటుకుపోయి పరుగులో ఉన్నట్టుంటారు. అరుగు మీది పట్టీల్లో నగరాల ముట్టడి దృశ్యాలు. వాటిలో ఒకచోట పాలకుడు కూర్చుని లొంగిపోయిన పెద్దలతో మాట్లాడుతుంటాడు. అతని తల మీద సేవకుడు గొడుగు పట్టుకుని ఉంటాడు. గ్రీకు గుడిలాంటి కట్టడం మీద పర్షియా పద్ధతిలో ఛత్రం. రెండు నాగరికతల మధ్య నలిగిపోయిన చిన్న రాజ్యం అనుకునేవాళ్లకు ఈ ఒక్క పలకే జవాబు. అర్బినాస్‌కు రెండు వైపుల నుంచీ కావాల్సింది తీసుకోవడం బాగా తెలుసు. ప్రపంచ వింతల్లో ఒకటిగా చెప్పే హాలికార్నసస్ సమాధికి దారి చూపింది ఈ కట్టడమేనని చాలామంది పండితుల అభిప్రాయం.

బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబాలు చాలా వేసవిలో ఫెతియే, ఒలుదెనిజ్ బీచ్‌లకు వెళ్తుంటాయి. దలమాన్ విమానాశ్రయానికి అక్కడి నుంచి నేరుగా విమానాలున్నాయి. అలాంటివారు వెళ్లే ముందు ఒక శనివారం ఆ మూడు గదులు చూసి వెళ్తే కొండ మీది ఖాళీ పునాదులకు పైకప్పులు వాటంతట అవే లేస్తాయి. మ్యూజియం ప్రవేశం ఉచితం కూడా.

లెతూన్ నీళ్లు, పతర ఇసుక

క్సాంథోస్‌లో చెప్పుకోదగ్గ పెద్ద గుడి కనిపించదు. కారణం, దేవతలు నాలుగు కిలోమీటర్ల దూరంలోని లెతూన్‌లో ఉండేవారు. అపోలో, ఆర్టెమిస్ అనే కవలల తల్లి లెటోకు, ఆ ఇద్దరు పిల్లలకు పక్కపక్కనే మూడు గుళ్లు. ఇది లిసియా అంతటికీ ఉమ్మడి క్షేత్రం. నది తెచ్చిన ఒండ్రుతో నేల పెరిగి, భూగర్భ జలం పైకొచ్చి, క్షేత్రంలో కొంత భాగం ఏడాదిలో చాలాకాలం నీళ్లలోనే ఉంటుంది. పడిపోయిన స్తంభాల మీద తాబేళ్లు ఎండ కాగుతుంటాయి, కప్పలు బెకబెకమంటుంటాయి. దాహంతో వచ్చిన లెటోను నీళ్లు తాగనివ్వకుండా ఇక్కడి పల్లెజనం బురద కలిపారని, ఆమె వాళ్లను కప్పలుగా మార్చేసిందని పురాణ కథ. ఆ కథకు ఇంతకంటే తగిన చోటు దొరకదు.

ఈ క్షేత్రంలోనే 1973లో లిసియన్, గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఒకే సంగతి రాసిన శాసనం దొరికింది. లిసియన్ భాష అర్థం చేసుకోవడంలో దీనిది పెద్ద పాత్ర. విషయం చూస్తే మన గుడి శాసనాలు చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో క్సాంథోస్ వాళ్లు ఒక దేవుడికి కొత్తగా పూజ ఏర్పాటు చేశారు. పూజారిని నియమించారు, భూమి ఇచ్చారు, పన్ను మినహాయించారు. నెలకో గొర్రె, ఏడాదికో ఎద్దు బలి ఇవ్వాలన్నారు. ఈ ఏర్పాటును చెడగొట్టినవాడు ఆ దేవతల ముందు, లెటో ముందు, ఆమె పిల్లల ముందు దోషి అవుతాడని ముగించారు. మన దాన శాసనాల చివర "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం చేసే పని కూడా ఇదే. స్థానిక పాలనకు లిసియన్, వ్యాపార ప్రపంచానికి గ్రీకు, పర్షియా సామ్రాజ్యపు కచేరీకి అరమాయిక్. ఎవరు చదవాలో వాళ్ల భాషలో రాశారు. రాయి ఫెతియే మ్యూజియంలో ఉంది. అది చూడకుండా లెతూన్ యాత్ర అసంపూర్ణమే.

ఇక పతర. ఒకప్పటి రేవు. నది ఒండ్రు, గాలి తెచ్చిన ఇసుక కలిసి ఆ రేవును చిత్తడి నేలగా మార్చేశాయి. 1988 నుంచి టర్కీ పురావస్తు బృందం ఇసుక తొలగిస్తూ వస్తోంది. బయటపడినవాటిలో ముఖ్యమైనది లిసియా సమాఖ్య సభామందిరం. రోడ్స్ అనే గ్రీకు ద్వీపం పెత్తనం నుంచి క్రీ.పూ. 167 ప్రాంతంలో బయటపడ్డాక లిసియా నగరాలు గట్టి సమాఖ్యగా నిలబడ్డాయి. మొత్తం 23 నగరాలకు ఓటు ఉండేదని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. పెద్ద నగరాలకు మూడేసి ఓట్లు, మధ్యరకానికి రెండు, మిగతావాటికి ఒకటి. పన్ను భారం కూడా అదే లెక్కన. మూడు ఓట్ల ఆరు నగరాలు క్సాంథోస్, పతర, పినారా, ఒలింపోస్, మైరా (బైబిలులోని మూర), త్లోస్. అందరికీ సమానమూ కాదు, బలవంతుడిదే రాజ్యమూ కాదు, ఎంత ఓటో అంత బరువు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి రాజకీయ తత్వవేత్త మాంటెస్క్యూ మంచి సమాఖ్యకు నమూనా చూపమంటే లిసియాను చూపిస్తానన్నాడు. ఆ మాట పట్టుకుని అమెరికా రాజ్యాంగ చర్చల్లో హామిల్టన్, మాడిసన్ లిసియాను ఉదాహరించారు. అయితే స్ట్రాబో ఇంకో మాట కూడా అన్నాడు: యుద్ధం, సంధి లాంటి విషయాలు ఒకప్పుడు ఈ సభ సొంతంగా తేల్చేది, తన కాలానికి రోము ఒప్పుకుంటేనే. పొగిడేవాళ్లు ఈ వాక్యాన్ని తరచూ వదిలేస్తారు. క్రీ.శ. 43లో చక్రవర్తి క్లాడియస్ లిసియాను రోమన్ రాష్ట్రం చేసేశాడు. సభ మాత్రం నడుస్తూనే ఉంది, ఉత్సవాలకూ సన్మానాలకూ.

టర్కీ పార్లమెంటు చొరవతో ఆ సభామందిరాన్ని 2010–2012 మధ్య పునరుద్ధరించారు. అర్ధచంద్రాకారపు మెట్ల వరుసలు ఇప్పుడు కొత్తగా మెరుస్తుంటాయి. కొత్త రాయి మరీ ఎక్కువైందని పెదవి విరిచేవాళ్లున్నారు, వాళ్ల మాటలో కొంత నిజముంది. అయినా సభ్యుడు ఎక్కడ కూర్చున్నాడో, అధ్యక్షుడైన లిసియార్క్ వైపు ఎలా చూశాడో తెలియాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. క్సాంథోస్‌లో నకళ్లను ఒప్పుకున్నవాళ్లు పతరలో కొత్త రాళ్లను తప్పుపట్టడం కొంచెం విడ్డూరమే.

మూడు చోట్లూ ఒక్కరోజులో చూడొచ్చు, సొంత బండి ఉంటే. డోల్ముష్ అని పిలిచే షేర్ వ్యాన్లు ఫెతియే నుంచి కినిక్ మీదుగా వెళ్తాయి కానీ లెతూన్‌కు అక్కడి నుంచి మళ్లీ ఏదో ఒకటి వెతుక్కోవాలి. నడిచే ఓపిక ఉన్నవారికి 1999లో తెరిచిన లిసియన్ వే కాలిబాట ఈ మూడింటినీ కలుపుతుంది. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు మేలు. జులై, ఆగస్టుల్లో క్సాంథోస్ కొండ మీద నీడ దొరకదు, మధ్యాహ్నం అక్కడ తిరగడం మన రోహిణి కార్తెలో తిరిగినట్టే. ఉదయాన్నే క్సాంథోస్ ఎక్కి, ఎండ ముదిరేలోపు లెతూన్ నీళ్ల దగ్గరికి చేరడం మంచిది. క్సాంథోస్ తూర్పు వైపున్న పాత చర్చి నేల మీది మొజాయిక్‌లు చూడాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎండవానల నుంచి కాపాడ్డానికి వాటి మీద గుడ్డ పరిచి కంకర కప్పి ఉంచడం మామూలే, కనిపించకపోతే మోసపోయామనుకోనక్కర్లేదు. పతరను సాయంత్రానికి పెట్టుకుంటే బీచ్ కూడా కలిసొస్తుంది, శిథిలాలకూ బీచ్‌కూ దారి ఒకటే. కాకపోతే ఆ ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి రాత్రిపూట బీచ్ మూసేస్తారు. సభామందిరం ముందు చూసి, ఈత తర్వాతకు పెట్టుకోవాలి.